జేబీఎల్ అంటే ఒక మనిషి పేరు!

మీ హాస్టల్ గదిలో ఓ బ్లూటూత్ స్పీకర్ ఉండే ఉంటుంది. దాని మీద నారింజ రంగు ముద్ర, అందులో మూడక్షరాలు: జేబీఎల్. కాలేజీ ఫెస్ట్‌లో స్టేజీకి రెండు పక్కలా నిలబెట్టే పెద్ద డబ్బాల మీద, మల్టీప్లెక్స్‌లో తెర వెనక, ఖరీదైన కార్ల డోర్లలో కూడా ఇవే అక్షరాలు కనిపిస్తాయి. రోజూ చూస్తున్నాం కదా, వాటి పూర్తి పేరేమిటి అని ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే మీలో ఎంతమంది చెప్పగలరు?

జేమ్స్ బులో లాన్సింగ్. ఇది కంపెనీ పేరు కాదు, ఒక మనిషి పేరు. విచిత్రం ఏమిటంటే, పుట్టినప్పుడు ఆయనకు ఈ పేరు లేదు. జేబీఎల్ అన్న బ్రాండును ఆయన కళ్లారా చూసిందీ లేదు. ఇంజినీరింగ్ డిగ్రీ లేకుండా హాలీవుడ్ సినిమా హాళ్లకు గొంతునిచ్చారు. తన పేరు వాడుకోవడానికి తానే గొడవ పడాల్సి వచ్చింది. 47 ఏళ్లకే వెళ్లిపోయారు. ఈసీఈ, మెకానికల్, ఫిజిక్స్ చదివే వాళ్లు ఆయన కథ తెలుసుకుంటే పాఠ్యపుస్తకంలో పొడిగా కనిపించే డెసిబెల్, ఇంపెడెన్స్ లాంటి మాటలకు ప్రాణం వస్తుంది.

నేవీ వాళ్లు ఇంటికొచ్చారు

1902 జనవరి 14న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, మకూపిన్ కౌంటీలో జేమ్స్ మార్టినీ పుట్టారు. తండ్రి బొగ్గు గనుల్లో ఇంజినీర్. ఇంట్లో 14 మంది పిల్లలు. ఈయన తొమ్మిదోవాడు. అంత పెద్ద ఇంట్లో ఒక పిల్లాడు మూలన కూర్చుని తీగలు చుట్టుకుంటుంటే పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది చెప్పండి?

బడి వయసులోనే లేడెన్ జార్ తయారు చేశారు. కరెంటును నిల్వ చేసే గాజు సీసా అది. ఇప్పటి కెపాసిటర్‌కి తాత అనుకోండి. తర్వాత క్రిస్టల్ రేడియోలు, ఆ తర్వాత ఓ చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్. ఆ సిగ్నల్ గ్రేట్ లేక్స్ నౌకాదళ కేంద్రం దాకా వెళ్లిందట. ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ నేవీ వాళ్లు వచ్చి, దాన్ని ఊడదీసి పోయారు. పిల్లాడి పని బాగుందని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది!

కానీ అసలు సర్టిఫికెట్లు ఆయన దగ్గర పెద్దగా లేవు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైస్కూల్ చదువు, ఒక చిన్న బిజినెస్ కాలేజీ, కార్ల మెకానిక్ పని... అంతే. ఆ మెకానిక్ పని వృథా పోలేదు. లోహాన్ని ఎంత సన్నగా కోయొచ్చు, రెండు భాగాల మధ్య సందు ఎంత ఉండాలి అన్న చేతి అంచనా అక్కడే వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది. స్పీకర్ తయారీ అంటే ప్రధానంగా ఆ సందుల లెక్కే.

1924లో తల్లి చనిపోయారు. జేమ్స్ ఇల్లు వదిలి పశ్చిమానికి బయల్దేరారు. సాల్ట్ లేక్ సిటీలో రేడియో స్టేషన్‌లో ఉద్యోగం చేశారు. అక్కడే గ్లెనాతో పెళ్లయింది. కెన్ డెకర్ అనే స్నేహితుడు దొరికాడు. ఇద్దరూ కలిసి లాస్ ఏంజిలెస్ చేరి 1927లో లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టారు. రేడియో సెట్లకు 6, 8 అంగుళాల స్పీకర్లు చేసి అమ్మడం వారి వ్యాపారం. ఆ సమయంలోనే జేమ్స్ మార్టినీ చట్టబద్ధంగా జేమ్స్ బులో లాన్సింగ్ అయ్యారు. బులో అన్నది ఒకప్పుడు కొన్నాళ్లు తనను ఇంట్లో ఉంచుకున్న కుటుంబం ఇంటిపేరు.

పని పంచుకున్న తీరు ముఖ్యం, గుర్తుంచుకోండి. వర్క్‌షాప్ లాన్సింగ్‌ది, లెక్కలూ బ్యాంకూ డెకర్‌వి.

8 వాట్లతో సినిమా హాలు

కంపెనీ పెట్టిన 1927లోనే ద జాజ్ సింగర్ విడుదలై టాకీల కాలం మొదలైంది. అప్పటిదాకా మూగగా ఉన్న హాళ్లన్నిటికీ ఇప్పుడు గొంతు కావాలి. చిక్కల్లా ఆంప్లిఫైయర్‌తో వచ్చింది. ట్రాన్సిస్టర్ ఇంకా పుట్టలేదు. ఉన్నవి వాక్యూమ్ ట్యూబులు. మన తాతలు వాల్వు రేడియో అనేవారే, ఆ వాల్వులు. వాటితో వాట్లు రాబట్టడం చాలా ఖర్చు. 1930లలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ సినిమా హాళ్లకు ఇచ్చిన 91ఏ అనే ఆంప్లిఫైయర్‌లో అవుట్‌పుట్‌కి ఉన్నది ఒకే ఒక్క 300ఏ ట్యూబు. దాని శక్తి సుమారు 8 వాట్లు. రెండు ట్యూబులు జోడించిన 86ఏలో 15 వాట్లు. ఇవాళ మీ ఫోన్ చార్జరే అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. మరి అంత తక్కువతో హాలంతా ఎలా వినిపించారు?

జవాబు ఆంప్లిఫైయర్‌లో లేదు, స్పీకర్‌లో ఉంది. మన వీధిలోనే ఉదాహరణ చూడండి. కూరగాయల ఆటో మీద బాకా లాంటి చిన్న హారన్ ఉంటుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫైయర్‌తోనే ఆ అరుపు మూడు వీధులకు వినిపిస్తుంది. అదే ఆంప్లిఫైయర్‌కి ఇంట్లో వాడే చిన్న హైఫై స్పీకర్ తగిలిస్తే పక్కింటికి కూడా చేరదు. ఈ తేడాకే సెన్సిటివిటీ అని పేరు.

స్పీకర్‌కి ఒక్క వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తున్నాయో కొలుస్తారు. ఆ అంకే సెన్సిటివిటీ. ఇప్పటి చిన్న హైఫై స్పీకర్లకు అది 85, 87 దగ్గర ఉంటుంది. పాత థియేటర్ స్పీకర్లకు 100 దాటేది. తేడా 13 అంకెలే కదా అనుకోకండి. డెసిబెల్ లాగరిథమ్ లెక్క. 3 డెసిబెల్స్ పెరగాలంటే రెట్టింపు శక్తి కావాలి, 10 పెరగాలంటే పది రెట్లు. రెండూ కలిపితే 13 డెసిబెల్స్‌కి 20 రెట్లు. అంటే 100 డెసిబెల్స్ స్పీకర్‌కి 5 వాట్లు ఇస్తే వచ్చే మోతను 87 డెసిబెల్స్ స్పీకర్‌తో తేవాలంటే 100 వాట్లు కావాలి. ఇంటర్వ్యూల్లో అడగడానికి తగిన లెక్క ఇది. నోట్‌బుక్‌లో ఒకసారి చేసి చూడండి.

మిగతా శక్తి ఏమవుతోంది? వేడిగా పోతోంది. 87 డెసిబెల్స్ స్పీకర్ తీసుకున్న కరెంటులో శబ్దంగా మారేది వెయ్యింట మూడు వంతులే. 100 డెసిబెల్స్ స్పీకర్‌లో అది నూటికి ఆరు. ఇదీ గొప్పేం కాదు, కానీ ట్యూబుల కాలంలో ఆ ఆరు వంతులకే హాళ్లు నిండాయి.

రెండుసార్లు వినపడిన డాన్స్ అడుగులు

1930ల మొదట్లో ఎంజీఎం స్టూడియోలో శబ్ద విభాగానికి అధిపతి డగ్లస్ షియరర్. ప్రసిద్ధ నటి నోర్మా షియరర్ ఆయన చెల్లెలు. స్టూడియోలో ఎంత బాగా రికార్డు చేసినా హాల్లో స్పీకర్లు దాన్ని పాడు చేస్తున్నాయన్నది ఆయన బాధ. అప్పటి పెద్ద వ్యవస్థల్లో బేస్‌కి ఒక పొడవాటి మడత హారన్, పై స్వరాలకు ఒక పొట్టి హారన్ ఉండేవి. బేస్ శబ్దం పొడుగాటి గొట్టంలో తిరిగి తిరిగి ఆలస్యంగా బయటికొచ్చేది. ఎలినార్ పావెల్ టాప్ డాన్స్ చేస్తుంటే ఒక్కో అడుగూ రెండుసార్లు వినిపించిందని చెబుతారు. శబ్దం సెకనుకి సుమారు 1,130 అడుగులు వెళ్తుంది. రెండు దారుల మధ్య 8 అడుగుల తేడా ఉంటే 7 మిల్లీసెకన్ల ఆలస్యం. టక్కుమని కొట్టే శబ్దంలో చెవి దాన్ని పట్టేస్తుంది.

షియరర్ ఒక బృందాన్ని కూర్చారు. జాన్ హిలియర్డ్ దాన్ని నడిపించారు. డ్రైవర్ల తయారీ లాన్సింగ్ వంతు వచ్చింది. బేస్ హారన్‌ను పొట్టిగా డబ్ల్యూ ఆకారంలో మడిచి, దానికి 15 అంగుళాల డ్రైవర్లు బిగించారు. పై స్వరాలకు లాన్సింగ్ 284 అనే కంప్రెషన్ డ్రైవర్ ఇచ్చారు. చిన్న లోహపు పొర ముందు గాలిని ఇరుకు దారిలో నొక్కి, హారన్ ద్వారా మెల్లగా విప్పే పరికరం అది. హారన్ చేసే పని కూడా ఇదే. బరువైన పొరకూ తేలికైన గాలికీ మధ్య గేర్‌బాక్స్ లాంటిది. మెకానికల్ వాళ్లకి ఈ పోలిక చాలు. షియరర్ హారన్‌గా పేరుపడ్డ ఈ వ్యవస్థకు 1936 సంవత్సరానికి అకాడమీ శాస్త్ర సాంకేతిక పురస్కారం దక్కింది. పురస్కారం షియరర్‌కి, ఎంజీఎం శబ్ద విభాగానికి వచ్చింది. లాన్సింగ్ కంపెనీకి ఆర్డర్లు వచ్చాయి.

తర్వాత 1937లో ఆ పెద్ద వ్యవస్థకే చిన్న రూపంగా ఐకానిక్ అనే స్పీకర్ తెచ్చారు. స్టూడియోల్లో వినడానికి అది బాగా వాడకంలోకి వచ్చింది.

చదునైన తీగ

లాన్సింగ్ నైపుణ్యం ఎక్కడుందో చూడాలంటే స్పీకర్ లోపలికి వెళ్లాలి. అయస్కాంతం మధ్య ఒక సన్నని గుండ్రటి సందు ఉంటుంది. ఆ సందులో వాయిస్ కాయిల్ వేలాడుతుంది. కాయిల్‌లో కరెంటు పారితే అది కదులుతుంది, దాంతో కాగితపు కోన్ కదులుతుంది. సందు ఎంత ఇరుకైతే అయస్కాంత బలం అంత ఎక్కువ. కానీ ఇరుకు చేస్తే తీగకు చోటు ఉండదు. మామూలు గుండ్రటి తీగను పక్కపక్కన చుడితే చదరంలో వృత్తం పెట్టినట్టే, సుమారు 78 శాతం చోటే లోహంతో నిండుతుంది. మిగతాది గాలి, వృథా.

లాన్సింగ్ ఏం చేశారంటే, తీగను రిబ్బన్‌లా చదును చేసి, దాన్ని అంచు మీద నిలబెట్టి చుట్టారు. వినడానికి సులువే. చేత్తో ఒక కాగితపు పట్టీని పడుకోబెట్టి కాకుండా అంచు మీద నిలబెట్టి గుండ్రంగా వంచి చూడండి, ఎంత మొండికేస్తుందో తెలుస్తుంది. దాన్ని ముడతలు పడకుండా, ఇన్సులేషన్ పోకుండా, వందల సంఖ్యలో చుట్టాలి. ఇది ఫార్ములా సమస్య కాదు, ఫ్యాక్టరీ సమస్య. డిజైన్ కన్నా తయారీ పద్ధతిలోనే పోటీదారు వెనకబడతాడని కోర్ కంపెనీల్లో చేరిన వాళ్లకు మొదటి ఏడాదే అర్థమవుతుంది.

డెకర్ లేని కంపెనీ

1939లో కెన్ డెకర్ విమాన ప్రమాదంలో చనిపోయారు. వర్క్‌షాప్‌లో ఏ లోటూ రాలేదు, స్పీకర్లు అంతే బాగున్నాయి. కానీ డబ్బు చూసుకునే మనిషి లేడు. లాన్సింగ్‌కి ఆ పని చేతకాలేదు. 1941 డిసెంబర్‌లో ఆల్టెక్ సర్వీస్ అనే సంస్థ కంపెనీని కొనేసింది. రెండు పేర్లూ కలిపి ఆల్టెక్ లాన్సింగ్ అయింది. లాన్సింగ్ అక్కడ ఐదేళ్ల ఒప్పందం మీద ఇంజినీరింగ్ వైస్ ప్రెసిడెంట్.

ఉద్యోగిగా ఆ ఐదేళ్లూ ఆయనకు మంచి కాలమే అంటాను. జీతం వచ్చేది, అమ్మకాలు ఇంకొకరు చూసుకునేవారు, ఆయన డ్రైవర్లు చేసుకునేవారు. 15 అంగుళాల కోన్ నడిమధ్యలో చిన్న హారన్ అమర్చిన 604 డ్యూప్లెక్స్ అప్పుడే వచ్చింది. రికార్డింగ్ స్టూడియోలు దాన్ని దశాబ్దాలు వాడాయి. 1945లో వాయిస్ ఆఫ్ ద థియేటర్ వచ్చి లెక్కలేనన్ని హాళ్లలో తెర వెనక చేరింది. అంతకు ముందు స్పీకర్లలో విద్యుదయస్కాంతాలు ఉండేవి, వాటికి వేరే కరెంటు సరఫరా ఇవ్వాల్సొచ్చేది. ఆల్నికో లోహంతో శాశ్వత అయస్కాంతాలు బలపడ్డాక ఆ బెడద పోయింది.

అయినా ఒప్పందం ముగియగానే 1946లో బయటికొచ్చేశారు. లాన్సింగ్ సౌండ్ అని సొంత కంపెనీ పెట్టారు. ఆల్టెక్ ఒప్పుకోలేదు. లాన్సింగ్ అన్న పేరు మేం కొన్నాం కదా అన్నది వాళ్ల వాదన. కాగితాల ప్రకారం వాళ్ల మాటలోనూ పస ఉంది. చివరికి జేమ్స్ బి. లాన్సింగ్ సౌండ్ అని పూర్తి పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. స్టార్టప్ పెట్టాలనుకునే వాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కంపెనీకి మీ సొంత పేరు పెడితే, అమ్మేటప్పుడు ఆ పేరు కూడా అమ్ముడుపోతుంది. సంతకం పెట్టే ముందు ట్రేడ్‌మార్క్ క్లాజు చదవండి.

ఈ దశలోనే ఆయన చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వచ్చింది: డీ130. 15 అంగుళాల కోన్, దానికి 4 అంగుళాల వాయిస్ కాయిల్. అప్పట్లో అంత పెద్ద కాయిల్ సాహసమే. చదునైన తీగ, ఆల్నికో అయస్కాంతం, తేలికైన కోన్, మధ్యలో మెరిసే అల్యూమినియం గిన్నె. ఒక్క వాట్‌కి 100 డెసిబెల్స్ దాటే స్పీకర్ అది. కొన్ని వాట్ల ట్యూబ్ ఆంప్లిఫైయర్‌తో ఇల్లు హోరెత్తించొచ్చు. తర్వాత గిటార్ ఆంప్లిఫైయర్ల తయారీదారు లియో ఫెండర్ కూడా దీన్నే వాడారు.

స్పీకర్ గెలిచింది, ఖాతా పుస్తకం ఓడింది. మార్‌క్వార్ట్ అనే విమానయాన కంపెనీ పెట్టుబడి పెట్టి, విలియం థామస్ అనే అధికారిని లెక్కలు చూడమని పంపింది. తర్వాత ఆ కంపెనీయే చేతులు మారింది. లాన్సింగ్ మళ్లీ అప్పులతో ఒంటరిగా మిగిలారు. 1949 సెప్టెంబర్‌లో శాన్ మార్కోస్‌లోని తన ఇంటి దగ్గర తన ప్రాణం తానే తీసుకున్నారు.

దీన్ని కథలో ఒక మలుపుగా రాయడం నాకు ఇష్టం లేదు. ఒక మాట మాత్రం చెప్పాలి. ఆయన మోయలేననుకున్న ఆ కంపెనీ ఇవాళ్టికీ నడుస్తోంది. లెక్కలు చూసుకోవడానికి పక్కన ఇంకో మనిషి ఉండుంటే చాలేది. ఉద్యోగం రాలేదనో, అప్పు పెరిగిందనో మీ మనసు బరువెక్కితే ఇంట్లోనో స్నేహితుడితోనో మాట్లాడండి. టెలీమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

థామస్ చేతిలో

లాన్సింగ్ తర్వాత కంపెనీని విలియం థామస్ నిలబెట్టారు. పేరు విషయంలో ఆల్టెక్‌తో తగువు మాత్రం తెగలేదు. దాన్ని తప్పించుకోవడానికి 1955లో పేరు కుదించి జేబీఎల్ అని ముద్ర వేశారు. అంటే మీరు రోజూ చూసే ఆ మూడక్షరాలు లాన్సింగ్ పోయిన ఆరేళ్లకు, ఒక గొడవలోంచి పుట్టాయి. 1969లో సిడ్నీ హార్మన్ దాన్ని కొన్నారు. 2017లో హార్మన్ సంస్థ మొత్తాన్ని శాంసంగ్ కొంది.

మరి అంత సెన్సిటివ్ స్పీకర్లు ఇళ్లలోంచి ఎందుకు మాయమయ్యాయి? 1950లలో ఎడ్గార్ విల్చర్ మూసి ఉన్న చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీసి చూపించారు. దానికి మూల్యం సెన్సిటివిటీ. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ... ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకైపోయాయి. ఇక పెద్ద పెట్టె ఎవరిక్కావాలి? జపాన్‌లో కొందరు ఔత్సాహికులు మాత్రం పాత ఆల్టెక్, జేబీఎల్ హారన్లను వెతికి కొనుక్కుని, 300బీ ట్యూబ్ ఆంప్లిఫైయర్లకు జత చేస్తూ ఆ పద్ధతిని బతికించారు.

మీరు చేయాలనుకుంటే

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ట్యూబ్ ఆంప్లిఫైయర్ చేస్తామని ఏటా కొందరు ముందుకొస్తారు. మంచి ప్రాజెక్టే. కానీ ముందు స్పీకర్ ఎంచుకోండి, ఆంప్లిఫైయర్ తర్వాత. 8 వాట్లు మాత్రమే వచ్చే సర్క్యూట్‌కి 86 డెసిబెల్స్ స్పీకర్ పెడితే డెమో రోజున ట్యూబ్ క్లిప్ అయి గొంతు చీరుకుపోతుంది. చిన్న గదికైనా 95 దాటితే నిశ్చింత.

తర్వాత ఇంపెడెన్స్. 300బీ లాంటి ట్యూబు తన ముందు సుమారు 3,500 ఓమ్స్ ఉండాలని కోరుకుంటుంది, స్పీకర్ ఉండేది 8 ఓమ్స్. మధ్యలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రాజీ కుదురుస్తుంది. ఇంపెడెన్స్ నిష్పత్తికి వర్గమూలం తీస్తే చుట్ల నిష్పత్తి వస్తుంది, ఇక్కడ సుమారు 21కి 1. 8 ఓమ్స్ ట్యాప్‌కి 4 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే ట్యూబుకి కనిపించే లోడు సగమైపోతుంది. అప్పుడు వక్రీకరణ పెరుగుతుంది. ఇంకొకటి, ఫీడ్‌బ్యాక్ లేని ట్యూబ్ ఆంప్లిఫైయర్‌కి స్పీకర్ కోన్ మీద పట్టు తక్కువ. స్పీకర్ ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీతో బాగా ఎగిరిపడేదైతే శబ్దం రంగు మారుతుంది. డేటాషీట్‌లో ఇంపెడెన్స్ గ్రాఫ్ చూసి, వీలైనంత సాఫీగా ఉన్నదాన్ని తీసుకోండి.

సెన్సిటివ్ స్పీకర్‌తో ఒక తలనొప్పి ఉంది. పాటను ఎంత పెద్దగా వినిపిస్తుందో, పవర్ సప్లైలోని గుయ్‌మనే హమ్మును కూడా అంతే పెద్దగా వినిపిస్తుంది. మామూలు స్పీకర్‌లో వినపడని లోపం ఇక్కడ బయటపడుతుంది. గ్రౌండింగ్, ఫిల్టరింగ్ గట్టిగా చేయండి. ఇక అన్నిటికన్నా ముఖ్యం: ఈ సర్క్యూట్లలో 300, 400 వోల్టులు, అంతకు మించి కూడా ఉంటాయి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో ఆ వోల్టేజీ నిలిచి ఉంటుంది. ల్యాబ్ అసిస్టెంట్ పక్కన లేకుండా మూత తీయొద్దు. డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి.

ఈ రంగంలో ఉద్యోగం కావాలనుకునే వాళ్లకు ట్రాన్స్‌డ్యూసర్ డిజైన్, అకౌస్టిక్ సిమ్యులేషన్, కారు ఆడియో ట్యూనింగ్, డీఎస్పీ, థియేటర్ ఇన్‌స్టలేషన్ లాంటి దారులున్నాయి. హార్మన్‌కి బెంగళూరులో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. థీల్-స్మాల్ పరామితులు చదివి, వంద రూపాయల స్పీకర్‌నొకదాన్ని తెచ్చి, దాని ఇంపెడెన్స్‌ను సౌండ్ కార్డుతోనో సిగ్నల్ జనరేటర్‌తోనో కొలిచి గ్రాఫ్ గీయండి. రెజ్యూమేలో ప్రాజెక్టు అని రాసుకుంటే ఆ గ్రాఫును ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లండి. పాత వైరింగ్ పని చేసే మేస్త్రీ దగ్గర పనికిరాని స్పీకర్ దొరికితే మరీ మంచిది. కోన్ కోసి, కాయిల్ బయటికి తీసి, తీగ గుండ్రంగా ఉందో చదునుగా ఉందో చూడండి.